కారు లోపల ఆ ‘బూమ్‌మ్’ ఎందుకు వస్తుంది? మార్చిన సైలెన్సర్, డ్రోన్, ఒక గొట్టం లెక్క

ఇవాళ మాట్లాడేది సైలెన్సర్ గురించి. ఏ సైలెన్సర్ పెడితే సౌండ్ అదిరిపోతుంది అనే వీడియో మాత్రం కాదు, అవి ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. అది పెట్టించుకున్న తర్వాత హైవే ఎక్కగానే కారు లోపల వచ్చే ఇంకో సౌండ్ ఉంటుంది చూశారా, దాని గురించి.

బయట నుంచి వినేవాడికి కారు సూపర్‌గా ఉంటుంది. లోపల కూర్చున్నవాళ్లకి మాత్రం ఒక స్పీడ్ దగ్గర ‘ఊఁఁఁఁ’ అని, పెద్ద డ్రమ్ములో తలపెట్టినట్టు. పాట వినపడదు, పక్కవాళ్ల మాట వినపడదు. ఇంకో పది కిలోమీటర్ల స్పీడ్ పెంచితే పోతుంది, తగ్గించినా పోతుంది. మనం రోజూ వెళ్లే స్పీడ్ దగ్గరే కరెక్ట్‌గా ఉంటుంది. దీన్నే డ్రోన్ అంటారు. గాల్లో ఎగిరే డ్రోన్ కాదండోయ్, ఒకే శ్రుతిలో ఆగకుండా మోగే మోత.

ఈ ఎపిసోడ్‌కి కారణం మా బామ్మర్ది కారు. పెట్రోల్ సెడాన్, 1.5 లీటర్, నాలుగు సిలిండర్లు, మాన్యువల్. కంపెనీ పేరు మనకి అనవసరం. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, కొన్న రెండో నెలలో ఒక షెడ్డులో సైలెన్సర్ మార్పించాడు. వాళ్లు మధ్యలో ఉండే చిన్న రెసొనేటర్ డబ్బా తీసేసి, వెనక పెద్ద డబ్బా బదులు నేరుగా పోయే మఫ్లర్ పెట్టి, గొట్టం కూడా రెండున్నర అంగుళాలది వేశారు. వాడు ఫుల్ హ్యాపీ.

ఇబ్బంది ఎవరికంటే మా అత్తయ్యకి. ఆవిడకి నెలకోసారి హైదరాబాద్‌లో చెకప్ ఉంటుంది. విజయవాడ నుంచి దాదాపు 275 కిలోమీటర్లు, వాడే తీసుకెళ్తాడు. వెనక సీట్లో కాళ్లు చాపుకుని పడుకుని వెళ్లే మనిషి, ఈ సైలెన్సర్ మార్చినప్పటి నుంచి సూర్యాపేట వచ్చేసరికి తల పగిలిపోతోంది, వాంతి వచ్చేలా ఉంది అంటోంది. మూడో నెలకి “నేను బస్సులో వెళ్తాలే నాన్నా” అనేసింది. వాడేమో నాకు ఫోన్ చేసి, “బావా, నేను ముందు కూర్చుంటున్నా కదా, నాకేం అంత లేదు. అమ్మ ఊరికే అంటోందేమో” అన్నాడు.

ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఎలాగో చూద్దాం.

ముందు ఆ సౌండ్ ఎక్కడి నుంచి వస్తుందో. మన కార్లలో ఉండేవి ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు కదా. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకి ఒకసారి పేలుతుంది. నాలుగు సిలిండర్లంటే ఒక చుట్టుకి రెండు పేలుళ్లు. 2700 ఆర్‌పీఎం అంటే సెకనుకి 45 చుట్లు, అంటే సెకనుకి 90 పేలుళ్లు. సైలెన్సర్ గొట్టంలోంచి సెకనుకి 90 సార్లు గాలి దెబ్బలు బయటికి వస్తాయి. అంటే 90 హెర్ట్జ్. ఫార్ములా కావాలంటే రాసుకోండి: ఆర్‌పీఎంని 60తో భాగించి, సిలిండర్ల సంఖ్యలో సగంతో గుణించాలి. మూడు సిలిండర్ల కారైతే ఒకటిన్నరతో. అదే 2700 దగ్గర వాళ్లకి 67.5 హెర్ట్జ్ వస్తుంది. అందుకే మూడు సిలిండర్ల బండికి డ్రోన్ ఇంకా లావుగా, కడుపులో తిప్పినట్టు ఉంటుంది.

ఇప్పుడు రెండో సగం. కారు లోపల ఖాళీ కూడా ఒక డబ్బానే. డాష్‌బోర్డు అద్దం నుంచి వెనక అద్దం దాకా టేపు పట్టుకుని కొలవండి. చెవి ఎత్తులో ఈ కారులో దాదాపు 1.9 మీటర్లు వచ్చింది. గాల్లో శబ్దం వేగం సెకనుకి 343 మీటర్లు. రెండువైపులా మూసి ఉన్న డబ్బాకి సొంత శ్రుతి ఎంతంటే, వేగాన్ని పొడవుకి రెండింతలతో భాగించాలి. 343ని 3.8తో భాగిస్తే 90. అర్థమైంది కదా? ఇంజన్ 2700 దగ్గర 90 పాడుతోంది, కారు డబ్బాకి కూడా 90 అంటేనే ఇష్టం. ఇద్దరూ ఒకే శ్రుతి పట్టుకున్నారు. ఈ లెక్క ఉజ్జాయింపే, ఎందుకంటే కారు పైకప్పు, తలుపులు గట్టి గోడలు కావు, కొంచెం ఊగుతాయి. సీట్లు ఉంటాయి. కానీ ఏ ఏరియాలో ఉన్నామో మాత్రం చెప్పేస్తుంది.

ఐదో గేర్‌లో వంద మీద వెళ్తే ఆ కారులో 2700 చిల్లర ఉంటుంది. హైదరాబాద్ హైవే మీద ఎవరైనా వెళ్లే స్పీడే అది. గంటల తరబడి.

ఇప్పుడు అత్తయ్య విషయం. ఈ రకం మోతలో డబ్బా రెండు చివర్లా గాలి ఒత్తిడి బాగా ఊగుతుంది, మధ్యలో మాత్రం దాదాపు ఊగదు. డ్రైవర్ తల ఎక్కడుంటుంది? ఇంచుమించు మధ్యలో. వెనక సీట్లో కూర్చున్నవాళ్ల తల ఎక్కడుంటుంది? వెనక అద్దం పక్కనే, చివరన. అంటే కారు నడిపేవాడికి పది పైసలు వినపడేది, వెనక కూర్చున్న అమ్మకి రూపాయి వినపడుతుంది. మీ కారులో ఇది ఇప్పుడే చూసుకోవచ్చు. డ్రోన్ వచ్చే స్పీడ్‌లో ఉన్నప్పుడు ముందు సీట్లో ఉన్న ఫ్రెండ్‌ని, నడిపేవాడిని కాదు, మెల్లగా తల ముందుకి వంచమనండి, తర్వాత వెనక్కి వాల్చమనండి. ఎక్కడో ఒక చోట మోత సన్నబడుతుంది, ఇంకో చోట పెరుగుతుంది. మా బామ్మర్దిని వెనక కూర్చోబెట్టి నేను నడిపా. కీసర టోల్ ఇంకా రాకుండానే “ఆపు బావా, ముందుకొస్తా” అన్నాడు. ఆ తర్వాత ‘అమ్మ ఊరికే అంటోంది’ అనే మాట మళ్లీ రాలేదు.

కానీ తలనొప్పి, వాంతి అనగానే నాకు మోత కంటే ముందు ఇంకో భయం వచ్చింది. ఈ వీడియోలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటాం అంటే ఇది గుర్తుపెట్టుకోండి. సైలెన్సర్ పని చేయించిన కారులో వెనక సీటువాళ్లకి తలనొప్పి, వికారం, మగతగా ఉండటం వస్తే, అది కార్బన్ మోనాక్సైడ్ కూడా కావచ్చు. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. కారు వేగంగా వెళ్తుంటే వెనక భాగంలో గాలి ఒత్తిడి తగ్గి, బయటికి పోయిన పొగలో కొంత మళ్లీ డిక్కీ వైపు లాగబడుతుంది. గొట్టం చివర బంపర్ దాటి బయటికి రాకుండా కిందే ఆగిపోయినా, జాయింట్ దగ్గర లీకున్నా, డిక్కీ రబ్బరు చిరిగినా, ఆ గ్యాస్ లోపలికి రావడానికి దారి దొరుకుతుంది. ఇంకోటి, చాలామందికి తెలీదు, వెనక బంపర్ చాటున లోపలి గాలి బయటికి పోవడానికి ప్లాస్టిక్ ఫ్లాపులు ఉంటాయి. యాక్సిడెంట్ రిపేర్ అయిన కార్లలో అవి విరిగిపోయి తెరుచుకునే ఉండొచ్చు.

అందుకే మోత సంగతి పక్కన పెట్టి ముందు లీకు చూశాం. పెద్ద పనేం కాదు. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, బండి న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వేసి స్టార్ట్ చేయాలి. ఒకరు చేతికి గ్లవ్స్ వేసుకుని మందపాటి గుడ్డతో గొట్టం చివర కొద్ది సెకన్లు అదిమి పట్టుకోవాలి. ఇంకొకరు జాయింట్ల దగ్గర సబ్బు నీళ్లు స్ప్రే చేయాలి. బుడగలొస్తే లీకు. ‘స్‌స్‌స్’ అని వినపడినా లీకే. కారు కిందికి దూరాలంటే జాకీ ఒక్కదాన్నీ నమ్ముకోవద్దు, కింద స్టాండ్లు పెట్టాల్సిందే. మా వాడి కారులో మధ్య ఫ్లాంజ్ దగ్గర నల్లటి మసి చార ఉంది, అక్కడే బుడగలొచ్చాయి. ప్యాకింగ్ పాతదే మళ్లీ బిగించేశారు. గొట్టం చివర కూడా బంపర్ అంచుకి నాలుగు వేళ్లు లోపలే ఆగిపోయింది. కొత్త ప్యాకింగ్ వేయించి, గొట్టం బంపర్ దాటేలా ముక్క అతికించాం. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని వెనక సీటు దగ్గర పెట్టాం, ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ అలారం ధర ఆ సైలెన్సర్‌కి పెట్టిన ఖర్చులో చిన్న ముక్క.

ఇది చేశాక మోత తగ్గిందా అంటే, కొంచెం. గొట్టం చివర బయటికి వచ్చింది కాబట్టి కొద్దిగా తేడా. 2700 దగ్గర మాత్రం అలాగే ఉంది.

ఇక డ్రోన్ నిజంగా సైలెన్సర్‌దేనా అని తేల్చుకోవడం. దీనికి ఖర్చు లేదు. ఒకే స్పీడ్‌లో ఐదో గేర్, తర్వాత నాలుగో గేర్ వేసి చూడండి. గేర్ మారగానే మోత పోతే అది ఇంజన్ ఆర్‌పీఎంతో ముడిపడింది. గేర్ మారినా అలాగే ఉంటే టైరో, వీల్ బేరింగో, సైలెన్సర్‌ని తిట్టకండి. తర్వాత యాక్సిలరేటర్ తొక్కి పట్టుకున్నప్పుడు, అంటే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఎక్కువై, కాలు తీసేయగానే ఠక్కున తగ్గితే ఎగ్జాస్ట్ దారి అనుమానం ఇంకా బలపడుతుంది. ఆఖరున బండి ఆపి, సైలెన్సర్ చల్లారాక, గొట్టాన్ని చేత్తో పట్టుకుని అటూఇటూ ఊపండి. ఎక్కడైనా ఛాసిస్‌కో, హీట్ షీల్డ్‌కో తగులుతోందా? వేలాడదీసే రబ్బర్లు మెత్తగా ఉన్నాయా, రాయిలా అయిపోయాయా? కొన్ని షెడ్డుల్లో రబ్బరు తీసేసి ఇనుప రాడ్డు నేరుగా వెల్డ్ చేసేస్తారు. అలా చేస్తే గొట్టం వణుకు మొత్తం బాడీలోకి ఎక్కుతుంది. ఏ లెక్కా పనిచేయదు అప్పుడు, ముందు ఆ రబ్బర్లే వేయించాలి.

ఫోన్‌తో కొలుద్దాం. ఇక్కడ ఒక ట్రాప్ ఉంది. సౌండ్ మీటర్ యాప్ వేసుకుని “అన్నా, ముందు 70, ఇప్పుడూ 70, ఏం మారలేదు” అంటారు. ఆ యాప్‌లు చాలావరకు ‘ఎ’ వెయిటింగ్‌లో చూపిస్తాయి. అంటే మన చెవికి సన్నటి సౌండ్లు బాగా వినిపిస్తాయి, లావు సౌండ్లు తక్కువ వినిపిస్తాయి అనే లెక్కతో, 100 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్ తీసేసి చూపిస్తాయి. మనం వెతికే దొంగనే అది దాచేస్తోంది. ‘సి’ వెయిటింగ్ ఆప్షన్ ఉంటే అది పెట్టండి. అంతకంటే మంచిది స్పెక్ట్రమ్ చూపించే యాప్. ఆండ్రాయిడ్‌లో స్పెక్ట్రాయిడ్ ఉంది, ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ ఫైఫాక్స్ ఉంది, రెండూ ఉచితమే. ఫోన్ వెనక సీటు హెడ్‌రెస్ట్ దగ్గర పెట్టి, పక్కవాళ్లతో చూడమని చెప్పండి. నడిపేవాడు రోడ్డు చూడాలి. మాకు 90 దగ్గర ఒక్క ముల్లు తాటిచెట్టులా లేచి నిలబడింది, మిగతా అంతా గడ్డి. ఫోన్ మైక్‌కి లావు సౌండ్లు కొంచెం తక్కువ వినపడొచ్చు. ఆ ఫోన్, ఆ చోటు మార్చకుండా ముందూ తర్వాతా పోల్చుకోవాలి, అంతే.

సరే, తగ్గించడం. అన్నిటికంటే బెస్ట్ సొల్యూషన్ చెప్తే మీకు నచ్చదు. పాత కంపెనీ సైలెన్సర్ ఇంట్లో ఉంటే దాన్నే బిగించేయండి. కంపెనీ వాళ్లు వెనక ఆ పెద్ద డబ్బా ఊరికే పెట్టలేదు. లోపల గదులు గదులుగా కట్టి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గాలిని తిప్పి, ఈ లావు సౌండ్లని వాటిలో వాటికే కొట్టుకుని చచ్చేలా చేస్తారు. బయట కొనే నేరుగా పోయే మఫ్లర్‌లో ఉండేది చిల్లుల గొట్టం, చుట్టూ గ్లాస్ ఊల్. ఊల్ సన్నటి సౌండ్‌ని మింగుతుంది, గరగర తగ్గి సౌండ్ స్మూత్‌గా అనిపిస్తుంది. కానీ 90 హెర్ట్జ్‌కి అది కనపడను కూడా కనపడదు. మా వాడి పాత సైలెన్సర్ ఆ షెడ్డులోనే స్క్రాప్‌కి వెళ్లిపోయింది. మీరు మార్పించుకునేటట్టయితే పాతది డిక్కీలో పెట్టించుకుని ఇంటికి తెచ్చుకోండి, దయచేసి.

డోర్లకి, ఫ్లోర్‌కి డాంపింగ్ షీట్లు వేయిద్దామా అని చాలామంది అడుగుతారు. నల్లటి బ్యుటైల్ షీట్లు రేకు వణుకుని తగ్గిస్తాయి, డిక్కీ రేకు గలగలలాడుతుంటే బాగా పనిచేస్తాయి, పాటలు కూడా బాగా వినిపిస్తాయి. కానీ గాల్లోంచి వచ్చే 90 హెర్ట్జ్‌ని అవి పెద్దగా ఆపలేవు. ఫోమ్ అయితే అసలు వద్దు. 90 హెర్ట్జ్ అల పొడవు 3.8 మీటర్లు. దాంట్లో నాలుగో వంతు మందం, అంటే దాదాపు 95 సెంటీమీటర్ల ఫోమ్ ఉంటే బాగా మింగుతుంది. మీరు వేయించేది 10 మిల్లీమీటర్లు. మనుషులు కూర్చోవడానికి కూడా కారులో చోటుండాలి కదా.

అందుకే గొట్టంలోనే పట్టుకోవాలి. ఇక్కడి నుంచి నాకు ఇష్టమైన పార్ట్.

చిన్నప్పుడు పెన్ను క్యాప్ కింది పెదవికి ఆనించి ఈల వేసేవాళ్లం కదా? క్లాసులో వేసి దెబ్బలు కూడా తిన్నాం. చిన్న క్యాప్‌కి కీచుమని, పెద్ద క్యాప్‌కి కాస్త లావుగా వచ్చేది. ఒకవైపు మూసి, ఒకవైపు తెరిచిన గొట్టం అది. దాని శ్రుతి పొడవుని బట్టి ఉంటుంది: పొడవు ఆ అలలో నాలుగో వంతు. ఇలాంటి గొట్టాన్నే మెయిన్ సైలెన్సర్ గొట్టానికి పక్కన కొమ్మలా వెల్డ్ చేశామనుకోండి, ఏమవుతుంది? 90 హెర్ట్జ్ దెబ్బ ఆ కొమ్మలోకి వెళ్లి, మూసిన చివర తగిలి వెనక్కి వస్తుంది. పోను పావు, రాను పావు, మొత్తం అర అల ఆలస్యం. మెయిన్ గొట్టంలో ఒత్తిడి పైకి లేచే టైముకి ఇది కిందికి దిగుతూ వచ్చి కలుస్తుంది. ఎక్కేవాడు, దిగేవాడు ఒకే మెట్టు మీద గుద్దుకున్నట్టు. ఆ ఒక్క శ్రుతి అక్కడికక్కడే చాలావరకు చచ్చిపోతుంది, మిగతా సౌండ్ మామూలుగా వెళ్లిపోతుంది. అందుకే బయట వినిపించే బీట్ పెద్దగా మారదు. దీన్ని క్వార్టర్ వేవ్ రెసొనేటర్ అంటారు, వంపు తిరిగి ఉంటుంది కాబట్టి జె-పైప్ అని కూడా అంటారు. అమెరికాలో మ్యాగ్నాఫ్లో వాళ్లు ‘నో డ్రోన్’ అనే పేరుతో ఇలాంటి కొమ్మ గొట్టాలున్న సిస్టమ్‌లే అమ్ముతున్నారు. సీసా మూతి మీద ఊదితే వచ్చే బూమ్‌ని వాడుకునే పద్ధతి ఇంకోటి ఉంది, హెల్మ్‌హోల్ట్జ్ రెసొనేటర్. డబ్బా, దానికో మెడ. చోటు తక్కువ పడుతుంది, కానీ మన వెల్డింగ్ షాపులో చేసేటప్పుడు లెక్క తప్పితే సరిచేయడం కష్టం. గొట్టమైతే కోసుకుంటూ పోవచ్చు.

పొడవు ఎంత? చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. 343ని 4తో, 90తో భాగించి 95 సెంటీమీటర్లు అని కోసేస్తారు. 343 అనేది గది గాలికి. సైలెన్సర్‌లో ఉండేది వేడి గ్యాస్, వేడిలో శబ్దం ఇంకా వేగంగా పోతుంది. లెక్క ఇలా: సెంటిగ్రేడ్‌కి 273 కలపండి, దాని వర్గమూలం తీయండి, 20తో గుణించండి. ఫోన్ క్యాలిక్యులేటర్ చాలు. 400 డిగ్రీలైతే వేగం 519 వస్తుంది, పొడవు 144 సెంటీమీటర్లు. 150 డిగ్రీలైతే వేగం 411, పొడవు 114. చూశారా, 95కీ 144కీ మధ్య ఎంత తేడానో. కొమ్మలో గ్యాస్ ముందుకి పారదు, అక్కడే నిలబడి చల్లారుతుంది. అందుకే మెయిన్ గొట్టం ఎంత వేడిగా ఉన్నా కొమ్మలో అంత వేడి ఉండదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్నుతో చూద్దామంటే, మెరిసే స్టీల్ మీద అది తక్కువ చూపిస్తుంది. వేడికి తట్టుకునే నల్ల పెయింట్ ఒక చుక్క వేసి, అక్కడ చూడాలి.

మేం 150 డిగ్రీలు అనుకుని మొదలుపెట్టాం. కానీ గొట్టం 114కి కోయలేదు, 125 పెట్టాం. విజయవాడ ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపు ఆయన, పెద్దాయన, మేం చెప్పింది విని “చివర మూసేసిన గొట్టం దేనికండీ, దాంట్లోంచి పొగ ఎలా పోద్ది?” అన్నారు. పెన్ను క్యాప్ ఈల వేసి చూపించాను. నవ్వి, “సరే కానీండి, మీ డబ్బులే కదా” అన్నారు. చివర పూర్తిగా వెల్డ్ చేయకుండా బిగుతుగా క్లాంప్‌తో బిగించే మూత చేయించాం. రెండేసి సెంటీమీటర్లు కోస్తూ, మూత బిగిస్తూ, కారు బాగా వేడెక్కేదాకా హైవే మీద తిప్పుతూ చూశాం. ఈ పొడవుల్లో సెంటీమీటర్ కోస్తే దాదాపు 24 ఆర్‌పీఎం పైకి జరుగుతుంది. 125 దగ్గర మోత 2500 కింద చచ్చింది, 2700 దగ్గర బతికే ఉంది. కోస్తూ కోస్తూ 117 దగ్గర ఆగాం. స్పెక్ట్రమ్‌లో ఆ తాటిచెట్టు కూలి పక్క గడ్డితో కలిసిపోయింది. అప్పుడు మూత ఫుల్ వెల్డ్. వెల్డ్ చేసిన ఆయన్నే వెనక కూర్చోబెట్టి ఒక రౌండ్ తిప్పాం. “పోయిందండీ!” అని ఆయనే అన్నారు.

చేయించేవాళ్లు కొన్ని చూసుకోవాలి. కొమ్మ గొట్టం లావు మెయిన్ గొట్టంతో సమానంగా ఉండాలి, సన్నం గొట్టం పెడితే పని సగమే అవుతుంది. గొట్టం చివర, గాలి బయటికి పోయే చోట పెట్టొద్దు. అక్కడ ఒత్తిడి ఊగదు కాబట్టి ఎంత కొలత పెట్టినా వేస్ట్. వెనక మఫ్లర్‌కి ముందు పెట్టాం మేం. వంపు తిప్పి మెయిన్ గొట్టం పక్కనే పడుకోబెట్టాం. పెట్రోల్ ట్యాంక్, బ్రేక్ పైపులు, స్టెప్నీ గుంత, వీటికి దూరం. రబ్బరుతో వేరే హ్యాంగర్ వేయాలి, లేకపోతే ఆ మీటర్ పైచిలుకు గొట్టం ఊగి ఊగి వెల్డ్ దగ్గర విరుగుతుంది. మూసిన చివర కొంచెం పైకి ఉండాలి. పొగలో నీటి ఆవిరి ఉంటుంది, చల్లారితే నీళ్లవుతుంది, మూసిన చివర కిందికుంటే అక్కడే నిలబడి తుప్పు పట్టిస్తుంది. మన ఊళ్లలో స్పీడ్ బ్రేకర్ల సంగతి నేను చెప్పక్కర్లేదు, నలుగురు కూర్చున్నప్పుడు కింద ఎంత గ్యాప్ ఉందో చూసుకోండి.

అంతా స్వర్గం అయిపోయిందా అంటే, లేదు. కొమ్మ గొట్టం పట్టుకునేది ఒక సన్న పట్టీని. మాకు 2500 నుంచి 2900 దాకా బాగుంది. 3400 దగ్గర చిన్న మోత ఒకటి ఇంకా ఉంది, ఓవర్‌టేక్ చేసేటప్పుడు వచ్చి పోతుంది. దాని కోసం మధ్యలో తీసేసిన రెసొనేటర్ లాంటిది ఒకటి మళ్లీ పెట్టించమని చెప్పా, ఇంకా పెట్టించలేదు వాడు. అసలు రెసొనేటర్ తీయకుండా ఉంటే సగం కథ ఉండేదే కాదు.

డల్లాస్ వైపు నుంచి చూసే మనవాళ్లు ట్రక్కులు వాడుతుంటారు కాబట్టి వాళ్లకో మాట. వి8 ఇంజన్ 1800 దగ్గర 120 హెర్ట్జ్ పాడుతుంది. పెట్రోల్ ఆదా కోసం నాలుగు సిలిండర్లు ఆపేసుకునే మోడల్ అయితే, ఆపిన క్షణం అది 60కి పడిపోతుంది. హైవే మీద ఉన్నట్టుండి మోత మొదలై, ఉన్నట్టుండి పోయేది అందుకే. 120కి చేసిన కొమ్మ 60ని ఆపదు. ఈ కొమ్మ తన శ్రుతికి మూడింతలు, ఐదింతలు ఉన్నవాటిని కూడా పట్టుకుంటుంది కానీ సగాన్ని పట్టుకోదు. రెండింటికీ వేరేవేరే కావాలి. హోండా వాళ్లు అమెరికాలో అకార్డ్ వి6కి ఇదే సమస్య వచ్చినప్పుడు కారు లోపల మైకులు పెట్టి, స్పీకర్లలోంచి ఎదురు సౌండ్ వదిలి మోతని చంపారు. ఇయర్‌ఫోన్స్‌లో నాయిస్ క్యాన్సిలింగ్ ఉంటుంది కదా, అదే ఐడియా.

ఇక చట్టం. దాచిపెట్టి వీడియో చేయడం నాకిష్టం లేదు. ఇండియాలో కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కుదరదు. శబ్ద, గాలి కాలుష్య ప్రమాణాలు దాటి నడిపితే సెక్షన్ 190(2). 2019 సవరణ తర్వాత మొదటిసారికే 10 వేల దాకా జరిమానా, లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా 3 నెలలు లైసెన్స్‌కి అనర్హత. లాగేసిన సైలెన్సర్లని రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించే వీడియోలు మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటాయి. ఇవాళ మనం చేసింది లోపలి మోతని తగ్గించింది, బయటి సౌండ్‌ని లీగల్ చేయలేదు. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసినవాళ్లకైతే నా దగ్గర సొల్యూషన్ లేదు, ముందు అది తిరిగి పెట్టించండి. మా బామ్మర్దికి కూడా ఇదే చెప్పా. వాడు ఇప్పుడు అదే మోడల్‌కి స్క్రాప్ మార్కెట్‌లో మంచి కంపెనీ సైలెన్సర్ దొరుకుతుందేమో వెతుకుతున్నాడు. దొరికితే ఈ గొట్టం పని కూడా ఉండదు, నాకేం బాధ లేదు.

పోయిన నెల చెకప్‌కి అత్తయ్య మళ్లీ వెనక సీట్లోనే వెళ్లింది. సూర్యాపేటలో టీ తాగడానికి ఆపి లేపితే, “అప్పుడే వచ్చేశామా” అందట.

మీ కారులో డ్రోన్ ఉంటే నాలుగు విషయాలు రాసి పంపండి: ఎన్ని సిలిండర్లు, మోత వచ్చే ఆర్‌పీఎం, గొట్టం లావు, వెనక సీటుకి ఎలా ఉందో. ఆ చివరిది మాత్రం మీరు చెప్పొద్దు, వెనక కూర్చునేవాళ్లని అడిగి రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో బ్రేక్ తొక్కితే స్టీరింగ్ ఎందుకు వణుకుతుందో విప్పి చూద్దాం. ఉంటానండి.